వాగు నీళ్లకు ఒక లెక్క పుస్తకం



జల్, జంగల్, జమీన్. జోడేఘాట్‌లో వర్ధంతి రోజున, ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం రోజున మనం చేతులెత్తి అనే మూడు మాటలు. కొన్నేళ్ల కిందట మా హాస్టల్లో ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి వీటి మీద ఒక ప్రశ్న అడిగింది. "మేడం, జమీన్‌కు పట్టా ఉంటది. అడవిల పోడుకు హక్కు పత్రం ఉంటది. మరి జల్‌కు ఏ కాగితం ఉంటది?"

టీచర్ ట్రైనింగ్ చేసినవాళ్లం కాబట్టి జవాబు చెప్పకుండా ఊరుకోలేం. వాన దేవుడిది, వాగు అందరిది, దానికి కాగితం అక్కర్లేదని ఏదో చెప్పేశాం. ఆ జవాబు చాలదని చెబుతున్నప్పుడే మాకు తెలుసు. వాగు పాడైందని ఎవరైనా అంటే ఎప్పటి నుంచి, ఎక్కడి నుంచి, ఎంత అని అడుగుతారు. అడిగినప్పుడు మన చేతిలో ఏమీ ఉండదు. మన పెద్దలకు గుర్తుంటుంది, కానీ ఆఫీసులో గుర్తు చెల్లదు, రాత చెల్లుతుంది.

నీళ్లను చూసి, పరీక్షించి, రాసిపెట్టే పనిని మామూలు మనుషులు ఎప్పటి నుంచి నేర్చుకున్నారు, అది మన గూడేల దాకా ఎలా వచ్చింది, మా హాస్టల్ పక్క వాగులో అది మాకేం చూపించింది అన్నది ఈ ప్రత్యేక సంచిక కోసం రాస్తున్నాం. మాకు అంత గొప్పగా లేని సంగతి కూడా ఇందులో ఉంది. అది దాచిపెట్టి రాస్తే మీకు ఉపయోగం లేదు.

గోండిలో నీళ్లను ఏర్ అంటాం. తెలుగులో పారే వాగును ఏరు అంటారు. మాట ఒక్కటే, రెండిళ్లలో రెండు రకాలుగా పెరిగింది. మన పెద్దలకు నీళ్ల గురించి ఏమీ తెలియదని, సైన్సు వచ్చాకే తెలిసిందని అనుకునే పిల్లలకు మేము ముందు నాగోబా నీళ్ల సంగతి చెబుతాం. పుష్య మాసంలో కేస్లాపూర్ జాతరకు మెస్రం వంశంవారు జన్నారం మండలంలోని హస్తినమడుగు దాకా కాలినడకన పోయి గోదావరి నీళ్లు తెస్తారు. ఆ నీళ్లు ఎక్కడివి, ఎవరు ముంచారు, ఏ దారిన వచ్చాయి, మధ్యలో ఎక్కడ ఆగాయి, అన్నీ తెలిసి ఉండాలి. మధ్యలో ఇంకో వాగు నీళ్లు కలిపేస్తే అవి నాగోబా నీళ్లు కావు. నీటి పరీక్ష నేర్పేవాళ్లు మొదటి రోజు చెప్పేది కూడా ఇదే. నమూనా ఎక్కడ తీశావు, ఎన్ని గంటలకు, ఎవరు తీశారు, సీసా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారింది. ఇవి లేని సీసా ఎంత మంచి ప్రయోగశాలకు పంపినా ఒట్టి నీళ్లే.

చెలిమ కూడా అలాంటిదే. వేసవిలో వాగు సన్నబడితే ఇసుకలో గుంట తోడతాం. మొదట ఊరిన మురికి నీళ్లు ఎత్తిపోసి, తేట నీళ్లు ఊరేదాకా కూర్చుంటాం. పై చెలిమ మనుషులకు, కింది మడుగు పశువులకు, ఇంకా కింద బట్టలకు. ఇసుక వడపోస్తుందని ఎవరూ చెప్పకపోయినా ఈ వరస మన గూడేల్లో ఉంది. నీళ్లు బురదగా ఉంటే అడవిలో దొరికే చిల్లగింజను రాయి మీద అరగదీసి కుండలో కలిపేవారు. కాసేపటికి మట్టి అడుక్కి దిగిపోయేది. ఎండ్రకాయలు, చిన్న రొయ్యలు ఉన్న వాగు నీళ్లు తాగొచ్చని మా నాయనమ్మలు అనేవారు. అది కూడా ఉత్త మాట కాదు, ముందు ముందు చెబుతాం.

అయితే పెద్దల కన్ను దగ్గర ఒక్కటే లోటు. తేటగా ఉన్న నీళ్లన్నీ మంచివని నమ్మింది. వానాకాలం మొదలయ్యాక వాంతులు విరేచనాలతో మంచాలు మోసిన గూడేల్లో చాలాచోట్ల తాగింది తేట నీళ్లే. 1854లో లండన్‌లో జాన్ స్నో అనే వైద్యుడు కలరా వచ్చిన ఇళ్లన్నీ లెక్కవేసి, బ్రాడ్ వీధిలోని ఒకే ఒక్క చేతిపంపు చుట్టూ చావులు ఉన్నాయని చూపించాడు. ఆ పంపు నీళ్లు కూడా చూడటానికి బాగానే ఉండేవి. ఆ తర్వాత 30 ఏళ్లకు, 1884లో, రాబర్ట్ కోహ్ మన దేశానికే వచ్చి కలకత్తాలో ఒక చెరువు నీళ్లలో కలరా క్రిమిని చూశాడు. కన్నుకు కనిపించనిది నీళ్లలో ఉంటుందన్న సంగతి ప్రపంచానికే అంత ఆలస్యంగా తెలిసింది. మన నాయనమ్మలను ఈ విషయంలో చిన్నచూపు చూడాల్సిన పని లేదు.

మనవాళ్లకే శిక్షణ ఇచ్చి మనవాళ్ల చేతే పని చేయించడం అనే ఆలోచన మాత్రం మన జిల్లాకు కొత్త కాదు. 1940లో కుమ్రం భీం జోడేఘాట్‌లో అమరుడయ్యాక, ఇక్కడి గోండుల బాధ ఏమిటో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను నియమించింది. ఆయన జైనూర్ దగ్గర మార్లవాయిలో ఉండి, 1943లో అక్కడ ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలయ్యేలా చేశాడు. బయటి నుంచి పంతుళ్లను తేకుండా, కొద్దిగా అక్షరం ముక్క వచ్చిన గోండు యువకులను తీసుకుని, గోండిలోనే వాచకాలు తయారుచేసి, వాళ్లనే పంతుళ్లను చేశారు. ఆ వాచకాలు దేవనాగరి లిపిలో ఉండేవి. టీచర్ ట్రైనింగ్ చేసిన మాలాంటి వాళ్లం మార్లవాయి దారిలో పోయినప్పుడల్లా ఆ బడిని తలుచుకుంటాం. చదువు విషయంలో పనికొచ్చిన పద్ధతి నీళ్ల విషయంలో ఎందుకు పనికిరాదు?

నీళ్ల విషయంలో ఆ పద్ధతి మొదట వేరే దేశాల్లో పెరిగింది. 1902లో జర్మనీలో కోల్క్‌విట్జ్, మార్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు నీళ్లలో బతికే జీవులను బట్టి ఆ నీళ్లు ఎంత మురికివో చెప్పొచ్చని రాశారు. కొన్ని జీవులు మంచి నీళ్లలోనే ఉంటాయి, కొన్ని మురుగును తట్టుకుంటాయి. నాయనమ్మ చెప్పిన ఎండ్రకాయ మాట లాంటిదే ఇది, ఇంకా లోతుగా లెక్కవేసి చెప్పారంతే. 1969లో అమెరికాలో చేపలు పట్టేవాళ్ల పాత సంఘం ఒకటి, ఐజాక్ వాల్టన్ లీగ్, వాగులను కాపాడే కార్యక్రమం మొదలుపెట్టింది. మామూలు జనానికి వల ఇచ్చి, రాళ్ల కింద పురుగులు పట్టి లెక్కపెట్టడం నేర్పింది. దక్షిణాఫ్రికాలో ఇదే పనిని ఇంకా సులువు చేసి, బడిపిల్లలు కూడా పురుగుల బొమ్మలు చూసి వాగుకు మార్కులు వేసే మినీసాస్ అనే పద్ధతి తెచ్చారు.

వీటన్నిటిలో మా అమ్మాయిలకు బాగా నచ్చేది 1984 నాటి సంగతి. అమెరికాలోని ఆన్ ఆర్బర్ ఊళ్లో హ్యూరాన్ అనే నది ఉంది. దాంట్లో ఆడుకున్న హైస్కూల్ పిల్లలకు కామెర్లు వచ్చాయి. పెద్దవాళ్లు ఏదో ఒకటి చేస్తారులే అని ఆ పిల్లలు కూర్చోలేదు. అక్కడి విశ్వవిద్యాలయంలో పనిచేసే విలియం స్టాప్ అనే ప్రొఫెసర్ సాయంతో వాళ్లే నది నీళ్లు పరీక్షించడం నేర్చుకున్నారు. దాంట్లోంచి పుట్టిన పని 1989 నాటికి ఎన్నో దేశాల బడులను కలిపే గ్రీన్ అనే బృందంగా పెరిగింది. "వాళ్లు మా అంత పిల్లలేనా మేడం?" అని మా వాళ్లు రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నారు.

మన దేశం సంగతికి వస్తే, మేము అన్నిటికంటే గొప్పదనుకునేది ఒక చిన్న సీసా. పల్లెలో, కరెంటు లేని చోట, మైక్రోస్కోపు లేకుండా నీళ్లలో మలం కలిసిందో లేదో తెలుసుకోవడం ఎలా అన్న ప్రశ్నకు 1982లో గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థలో పనిచేసే మంజా, మౌర్య, రావు అనే ముగ్గురు ఒక జవాబు ప్రచురించారు. శుభ్రం చేసి మూత బిగించిన సీసాలో మందు పట్టించి ఆరబెట్టిన కాగితం ముక్క ఉంటుంది. దాంట్లో గుర్తు దాకా నీళ్లు పోసి వెచ్చని చోట పెట్టాలి. మనుషుల, పశువుల పేగుల్లో ఉండే కొన్ని క్రిములు ఆ నీళ్లలో ఉంటే అవి పెరిగి, కుళ్లిన గుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును వదులుతాయి. ఆ వాయువు సీసాలోని ఇనుముతో కలిసి నీళ్లను నల్లగా మారుస్తుంది. ఒకటి రెండు రోజుల్లో తెలిసిపోతుంది. నలుపైతే తాగకూడదు. చదువు రానివాళ్లకు కూడా అర్థమయ్యే జవాబు అది. ఇప్పుడు ప్రపంచంలో చాలా పేద దేశాల్లో ఈ సీసా వాడతారు.

ప్రభుత్వం వైపు నుంచి చూస్తే, తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ఉంది. 1991లో, 2012లో దాన్ని సవరించారు. నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు, ఫ్లోరైడ్ 1 దాటకుండా ఉంటే మంచిది, వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా ఒప్పుకోవచ్చు, 100 మిల్లీలీటర్ల నీళ్లలో ఈ-కోలి క్రిమి ఒక్కటి కూడా కనిపించకూడదు. 2006లో కేంద్రం గ్రామీణ నీటి నాణ్యత పర్యవేక్షణ కార్యక్రమం పెట్టి, ప్రతి పంచాయతీలో ఐదుగురికి శిక్షణ ఇవ్వాలంది. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్‌లో ఈ పనిని ఆడవాళ్లకు అప్పగించారు, ఊరికి ఐదుగురు చొప్పున. నీళ్లు మోసేది వాళ్లే కాబట్టి అది సరైన నిర్ణయమని మా అభిప్రాయం. కాగితం మీద ఐదుగురి పేర్లు ఉన్నంత మాత్రాన వాగు పక్కన ఐదుగురు ఉన్నట్టు కాదు, అది వేరే సంగతి.

ఇక మా వాగు.

కరోనా తర్వాత బడులు తిరిగి తెరిచిన ఏడాది మండల నీటి సరఫరా ఆఫీసు వాళ్లు మాకు ఒక పరీక్ష పెట్టె, కొన్ని నల్ల సీసాలు ఇచ్చి ఒక పూట చూపించి వెళ్లారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోంచి 12 మంది అమ్మాయిలు ముందుకొచ్చారు. వాగు మీద నాలుగు చోట్లు ఎంచుకున్నాం. హాస్టల్‌కు పైన మద్దిచెట్టు మడుగు, కల్వర్టు, హాస్టల్ దాటాక రాళ్ల మలుపు, ఇంకా కింద గూడెం వాళ్ల చెలిమ. ప్రతి శనివారం పొద్దున. ఒక పొడవాటి రిజిస్టర్‌లో గీతలు కొట్టి తేదీ, టైము, వాన పడిందా లేదా, నీళ్ల రంగు, వాసన, పరీక్ష ఫలితం, తీసినవాళ్ల సంతకం అని రాసుకున్నాం. పెన్సిల్‌తో రాయకూడదు, తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన రాయాలి, పేజీ చింపకూడదు. ఈ చివరి నియమం మేమే పెట్టాం. తర్వాత అది మా మెడకే చుట్టుకుంది.

మొదటి శనివారం నాలుగు సీసాలూ నల్లబడ్డాయి. హాస్టల్లో గగ్గోలు. రెండో వారం ఒక అమ్మాయి తెలివిగా ఐదో సీసాలో కాచి చల్లార్చిన నీళ్లు పోసింది. అదీ నల్లబడింది! కాచిన నీళ్లలో క్రిములు ఎక్కడివి? చూస్తే, మూత తీసి లోపలి వైపు వేళ్లతో పట్టుకుంటున్నారు. మనం వెతికే క్రిములు మన చేతుల మీదే ఉన్నాయి. అప్పటి నుంచి చేతులు సబ్బుతో కడగకుండా సీసా ముట్టుకోలేదు. మూత లోపలి భాగం ముట్టుకోవద్దు, మూత కింద పెట్టొద్దు, ప్రవాహం వచ్చే వైపు ముఖం పెట్టి నిలబడాలి, కాళ్లతో రేపిన బురద సీసాలోకి రాకూడదు. మందు పెట్టెతో చేసే పరీక్షలకు గిన్నెను అదే నీళ్లతో మూడుసార్లు తొలవాలి. నల్ల సీసాను మాత్రం తొలవకూడదు, తొలిస్తే లోపలి మందు పోతుంది. కాచిన నీళ్ల సీసా ప్రతి వారం పక్కన ఉండాల్సిందే. అది తెల్లగా ఉంటేనే మిగతావాటి మాట నమ్మాలి. పరీక్ష అయ్యాక నల్లబడిన సీసాలో బ్లీచింగ్ పొడి వేసి అలాగే ఉంచి, తర్వాత దూరంగా పారబోయాలి. దాంట్లో క్రిములను మనమే పెంచాం కదా.

డిసెంబర్‌లో నాలుగు చోట్లా సీసాలు తెల్లగానే ఉన్నాయి. వరసగా మూడు వారాలు. మాకు చాలా సంతోషమైంది, ప్రార్థన సమయంలో చప్పట్లు కూడా కొట్టించాం. అప్పుడు మా వంటమనిషి, అరవై దాటిన అవ్వ, వంటింటి గడపలో నిలబడి అన్నది. "సలికి పెరుగే తోడుకుంటలేదు మేడం, గా సీసల పురుగెట్ల పెరుగుతది?"

మన జిల్లా చలి మీకు తెలిసిందే. తెల్లవారుజామున పది డిగ్రీల కిందికి పడిపోతుంది. ఆ సీసాకు 30 నుంచి 37 డిగ్రీల వెచ్చదనం కావాలి, అంటే దాదాపు మన ఒంటి వేడి. మేము దాన్ని కిటికీ పక్కన బల్ల మీద పెడుతున్నాం. క్రిములు ఉన్నా పెరగలేదు. నీళ్లు మంచివని మేము చప్పట్లు కొట్టిన వారాలన్నీ చలి తప్ప మాకేమీ చెప్పలేదు. బీఎడ్ చదువుకున్నవాళ్లం, క్రిములు పెరగడానికి వేడి కావాలని పిల్లలకు పాఠం చెప్పినవాళ్లం, మాకు తట్టలేదు. అవ్వకు తట్టింది. ఆ తర్వాత సీసాలను పాత దుప్పటిలో చుట్టి, వరిపొట్టు నింపిన బుట్టలో పెట్టి, పొయ్యికి దగ్గరగా ఉంచి, పక్కన థర్మామీటర్ పెట్టాం. రిజిస్టర్‌లో ఆ మూడు వారాల పక్కన ఎర్ర సిరాతో "చలి, లెక్కలోకి రాదు" అని రాశాం.

బుట్టలోకి మారిన మొదటి వారం నుంచే ఒక సంగతి కనిపించింది. మద్దిచెట్టు మడుగు తెలుపు. కల్వర్టు తెలుపు. రాళ్ల మలుపు నలుపు. చెలిమ నలుపు. రెండో వారం అదే. మూడో వారం అదే. నాలుగో వారం కూడా అదే వచ్చాక తొమ్మిదో తరగతి అమ్మాయి రిజిస్టర్ తెచ్చి మా ముందు పెట్టి, ఏమీ మాట్లాడకుండా నిలబడింది. కల్వర్టుకు, రాళ్ల మలుపుకు మధ్య ఒడ్డు మీద ఉన్నది ఒక్కటే. మా హాస్టల్. వాగు వైపు ఉన్నవి మా మరుగుదొడ్ల గుంతలు.

ఆ పేజీ చింపేద్దామన్న ఆలోచన రాలేదని చెబితే అబద్ధం. పై అధికారులకు తెలిస్తే సంజాయిషీ మాకే. పేపర్లో పడితే హాస్టల్ పేరే పోతుంది. పైగా ఒక్క సీసా మాటతో తీర్పు చెప్పకూడదని కూడా నిజంగానే ఉంది. మట్టిలో ఉండే కొన్ని క్రిముల వల్ల కూడా సీసా నల్లబడొచ్చు. ఆ సాకు పట్టుకుని రెండు రోజులు ఊరుకున్నాం. కానీ మడుగు దగ్గరా అదే మట్టి, కల్వర్టు దగ్గరా అదే మట్టి. అవి తెల్లగా ఎందుకున్నాయి? ఈ ప్రశ్న మేము నేర్పిన పిల్లలే మమ్మల్ని అడిగారు.

గూడెంలోని ఆడవాళ్లు చెలిమ నీళ్ల వాసన మారిందని రెండేళ్లుగా అంటూనే ఉన్నారు. ఆకులు కుళ్లి ఉంటాయని మేమే వాళ్లకు చెప్పి పంపాం. వాళ్ల పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే పరిశుభ్రత మీద ఉపన్యాసం కూడా ఇచ్చాం. ఇప్పుడు ఆ రిజిస్టర్ పట్టుకుని వాళ్ల ముందుకే పోవాల్సి వచ్చింది. పటేల్ ఇంటి ముందు కూర్చుని, పిల్లలు ఒక్కో వారం చదువుతుంటే, మా మురికే మీ చెలిమలోకి వస్తోందని మేము చెప్పాం. తిడతారనుకున్నాం. కొందరు తిట్టారు కూడా. పటేల్ దాదా మాత్రం చివరిదాకా విని, "అయితే గిప్పుడు ఎక్కడి నీళ్లు తాగాలె బాయి?" అని అడిగాడు. మా దగ్గర ఆ ప్రశ్నకైతే జవాబు ఉంది. మద్దిచెట్టు మడుగు నీళ్లు తెచ్చుకోవాలి, అవి కూడా కాచి తాగాలి. మర్నాడే గూడెం వాళ్లు కల్వర్టుకు పైన కొత్త చెలిమ తోడారు. నడక పావుగంట పెరిగింది. ఆ పావుగంట మోసింది ఆడవాళ్లే, మా వల్ల.

గుంతలు మార్చమని అంతకుముందు మేము రెండు ఉత్తరాలు రాసి ఉన్నాం, నిండిపోతున్నాయని. వాటికి జవాబు రాలేదు. మూడో ఉత్తరానికి 14 వారాల రిజిస్టర్ పేజీల జిరాక్సులు జత చేశాం. నమూనాలు జిల్లా ప్రయోగశాలకు పంపితే అక్కడా మలినం ఉందనే వచ్చింది. ఇంజనీరు వచ్చాడు. ఆయన మొదట చూసింది ఎర్ర సిరాతో రాసిన మాట. ఇదేమిటని అడిగితే పిల్లలు చలి కథ చెప్పారు. తమ తప్పు తామే రాసుకున్న పుస్తకాన్ని నమ్మొచ్చని ఆయనకు అనిపించిందేమో, మిగతా పేజీల మీద ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. పాత గుంతలు ఖాళీ చేయించి, ఒడ్డుకు దూరంగా కొత్తవి కట్టడానికి ఏడు నెలలు పట్టింది.

కొత్త గుంతలు వచ్చాక కూడా రాళ్ల మలుపు సీసా చాలా వారాలు నల్లగానే ఉంది, ఆ తర్వాత తెల్లబడింది. తొలకరి పడగానే నాలుగు చోట్లా మళ్లీ నలుపు. ఒడ్డున, చేలల్లో ఉన్నదంతా మొదటి వాన వాగులోకి దించుతుంది. దీన్ని ఒక్క హాస్టల్ ఆపలేదు. ఆ వారాల్లో వాగు నీళ్లు ఎవరూ పచ్చిగా తాగకూడదని, ముందు చిల్లగింజతోనో పటికతోనో తేర్చి, తర్వాత కాచి తాగాలని చెబుతాం. తేర్చడంతోనే క్రిములు చావవు. బురద నీళ్లలో బ్లీచింగ్ పొడి కూడా సరిగా పనిచేయదు, అందుకే ముందు తేర్చాలి.

మా పెట్టె చూడలేనివి కూడా ఉన్నాయి. మన జిల్లాలో పత్తి ఎంత ఉందో మీకు చెప్పక్కర్లేదు. మందు కొట్టిన పంపును సాయంత్రం వాగులోనే కడుగుతారు. కొందరు కుర్రాళ్లు చేపల కోసం మడుగులో బ్లీచింగ్, పురుగుమందు కలుపుతారు. మన తాతలు కూడా చెట్ల రసంతో చేపలకు మత్తు పెట్టారు, నిజమే. కానీ డబ్బా మందు చేప దగ్గర ఆగదు. ఈ విషాలను పట్టుకునే పరీక్ష మా దగ్గర లేదు. అందుకే పురుగుల లెక్క కూడా మొదలుపెట్టాం. తెల్ల పళ్లెంలో నీళ్లు పోసి, వాగులోని రాయి ఎత్తి కడుగుతాం. తోకకు మూడు సన్నని పోగులున్న చదును పురుగు, ఇసుక రేణువులతో గూడు అల్లుకుని దాంట్లో ఉండే పురుగు కనిపిస్తే వాగు ఆరోగ్యంగా ఉన్నట్టు. ఎర్రని దారంలాంటి పురుగులు తప్ప ఇంకేమీ లేకపోతే మురుగు చేరినట్టు. నిరుడు వానాకాలంలో ఒక శనివారం కల్వర్టు దగ్గర ఎర్రవి కూడా లేవు. ఏవీ లేవు. రెండు రోజుల ముందు పైచేలో మందు కొట్టారని తర్వాత తెలిసింది. పెట్టెలోని పరీక్షలన్నీ ఆ రోజు బాగానే ఉన్నాయి. పంపు ఎవరు కడిగారో మాకు తెలుసు, మనవాళ్లే. పేరు రాయలేదు, నీళ్లు రాశాం.

ఇప్పుడు రిజిస్టర్ రెండోది నడుస్తోంది. తెరిచి చూస్తే ఒక లోటు ఎవరికైనా కనిపిస్తుంది. ఏటా ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా పేజీలు ఖాళీ. వేసవి సెలవులు, హాస్టల్ మూసేస్తారు, పిల్లలు ఇళ్లకు పోతారు. వాగు సన్నబడి, మనుషులు, పశువులు ఒకే మడుగు మీద పడేది సరిగ్గా ఆ ఏడు వారాల్లోనే. మొదటి 12 మందిలో ముగ్గురు ఇంటర్‌కు ఉట్నూరు పోయారు, ఇద్దరు నర్సింగ్‌లో చేరారు, ఒకరికి పెళ్లయింది. ప్రతి జూన్‌లో కొత్తవాళ్లకు చేతులు కడగడం దగ్గర నుంచి మళ్లీ నేర్పుతాం. హాస్టల్ పిల్లలు ఉండిపోయేవాళ్లు కారు. గూడెంలో ఉండిపోయేవాళ్లు మీరు.

పోయిన వేసవికి గూడెం నుంచి ఇద్దరు వచ్చారు. డిగ్రీ మధ్యలో ఆపేసిన ఒక తమ్ముడు, ఇద్దరు పిల్లల తల్లి ఒక చెల్లెలు. ఇద్దరూ కలిసి ఏడింటిలో నాలుగు వారాలు నింపారు. మిగతా మూడు వారాల్లో ఒకటి పెళ్లి, ఒకటి సీసాలు అయిపోవడం, ఒకటి ఎండకు లేవబుద్ధి కాకపోవడం. ఆ మూడో కారణాన్ని కూడా తమ్ముడు ఉన్నదున్నట్టు రిజిస్టర్‌లో రాశాడు. ఈ వేసవికి సీసాలు ముందే తెప్పించి, బుట్టతో సహా పటేల్ దాదా ఇంట్లో పెట్టాం. తాళం లేదు. శనివారం పొద్దున ఆరున్నరకు మద్దిచెట్టు దగ్గర.